అందరికంటే వెనక

మెసానికల్ గ్రౌండులో ఇంకా తెల్లారలేదు.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ దిక్కునుంచి
తియ్యగా, కొంచెం పులిసిన గాలి.
ముప్పై ఒక్కమంది పిల్లోళ్ళు
ఆర్మీ సెలక్షన్లకని పరిగెత్తుతా ఉండారు.
నేను అందరికంటే వెనక,
గుడిపాల నుంచి వచ్చే దేవరాజులుకి వెనక,
వాడి రొప్పు వినపడేంత దూరంలో.

ఈ చోటు నాది కాదు.
సుబేదార్ చెంగల్రాయుడిది.

కమాండో స్కూల్లో ఉస్తాదులందరూ ముందు పరిగెత్తేవాళ్ళు.
ఆయప్ప ఒక్కడే వెనకుండేవాడు.
"ముందుండేవోడికి దోవ తెలుసు,
వెనకుండేవోడికే మనిషి కావల్ల" అనేవాడు.
అందరినీ హిందీలో తిట్టి
నన్ను మాత్రం చిత్తూరు తెలుగులో తిట్టేవాడు.
"యాదమరి టౌన్‌బస్సు నయం గదరా నీకంటే,
అదన్నా దిగువలో స్పీడొస్తుంది!"
వీపు మీద ఇరవై కేజీల మూట,
చేతుల్లో రైఫిలు,
ఊరుగాని ఊరి రాళ్ళదోవలో
ఆ తిట్టు ఎంత చల్లగా ఉండేదో
ఇప్పుడు చెప్తే ఎవురూ నమ్మరు.

ఆయనది ఒకటే ఆర్డరు: వెనక్కి చూడొద్దు.
చూసినోడికి రెండు సెకన్లు పోతాయి.

నాకు చూసే పని లేదు.
బూట్లు వినపడేవి.
ఎడమకాలు కొంచెం బరువుగా,
ఎప్పుడో విరిగి అతికిన కాలు.
టప్, టక్.
టప్, టక్.

ఆ పొద్దు నలభై కిలోమీటర్లు.
ముందురోజు రాత్రి మెస్సులో అందరి ముందర
"నిన్ను ఇంటికి పంపిచ్చేస్తా,
మార్కెట్లో టమోటా బాక్సులు మోసుకో పో" అన్నాడు.
ఆ కోపమంతా కాళ్ళలోకి దించి పరిగెత్తినా.
ఇరవై ఆరో కిలోమీటరు రాయి కాడ
వెనకాల టప్ లేదు, టక్ లేదు.

గెలిచినాననుకున్నా.

ఆ ఊపులోనే ముగ్గురిని దాటినా.
నా జన్మలో అంత మంచి టైము ముందూ లేదు, తర్వాతా లేదు.
గేటు కాడ నీళ్ళు మొహాన కొట్టుకుంటా ఉంటే
ఎవరో అడిగినారు, ఉస్తాద్ ఎక్కడని.
అందరూ నా దిక్కే చూసినారు.
నేను ఉండే కాడే గదా ఆయనుండేది.

ఎండ అన్నారు. గుండె అన్నారు.
కాగితంలో 'శిక్షణలో మరణం' అని
రెండే మాటలు కొట్టినారు.
నడుముకి రెండు బాటిళ్ళు.
ఒకటి ఖాళీ.
ఒకటి నిండుగా, మూత కూడా తియ్యకుండా.
నిండుది నాది.
వెనకబడినోడికని రోజూ మోసుకొచ్చేది.

గాంధీ రోడ్డులో ఫ్లెక్సీ షాపు పిల్లోడు
ఫోటో పెద్దది చేస్తా అడిగినాడు,
"ఏ బార్డరని వెయ్యాలన్నా?"
పరిగెత్తుతా పోయినాడు అని చెప్పినా.
వాడు మౌసు వదిలేసి
కొంచేపు నా మొహం చూసి
వెనకాల మంచుకొండలే పెట్టినాడు.

ఇరువారం ఇంట్లో ధనకోటక్క
నన్ను పక్కకు పిలిచి ఒకటే మాట అడిగింది.
"దప్పికన్నాడా నాయనా?"
"నీళ్ళు తాగినాడక్కా" అన్నా.
తొమ్మిదేండ్లుగా ఆ అబద్ధం
నా వెనకాలే పరిగెత్తుతా ఉంది,
ఎడమకాలు కొంచెం బరువుగా.

మూడో రౌండు.
దేవరాజులు కాలు ఈడుస్తా ఉండాడు.
నా నడుముకీ రెండు బాటిళ్ళు.
ఉస్తాద్ దగ్గర అన్నీ నేర్చుకున్నా గానీ
ఒక్క ఆర్డరు మార్చినా.
రౌండుకొక తూరి వెనక్కి చూడండ్రా అంటా.
నేనుండానో లేదో చూడండి.
రెండు సెకన్లు పోతాయి సార్, అంటారు.
పోనీరా అంటా.

తిరిగినాడు దేవరాజులు.
చెయ్యెత్తినా.
ఇంకా చీకటే,
కనపడిందో లేదో.